ఈనె

పాలేట్లో నీళ్లు లేని ఏడాది నా బాప్తీస్మం.
ఇసకలో నడుము లోతు చెలమ తవ్వి
ఊరిన నీళ్లలోకి అయ్యగారు నన్ను వెనక్కి వాల్చి లేపారు.
ముక్కులోకి ఇసక పోయింది.
పంతొమ్మిదేళ్లు.
ఇక అయిపోయిందనుకున్నాను.

ఆ ఎండాకాలమంతా మైకు నాదే.
ఇంటింటి కూడికల్లో నేను సాక్ష్యం చెబితే
పక్క పల్లె కుక్కలు మొరిగేవి.
ఎవరు లోపల, ఎవరు బయట,
లెక్క నా దగ్గరుండేది.
మేనత్త సువార్తమ్మ జడలో కనకాంబరాలు చూసి
వాక్యం తీసి చదివాను.
ఆమె పూలు తీసి ఒళ్లో పెట్టుకుంది.
తర్వాత వాటిని ఏం చేసిందో నేను చూడలేదు.

అటుపైన తీతు తాత మీద పడ్డాను.
పుట్టినప్పుడు దిబ్బయ్య, మునిగినప్పుడు తీతు,
నలభై ఏళ్లుగా బ్యారన్ కాల్చే మనిషి.
ఆయన పాటల పుస్తకం కూడా పొగాకు వాసనే.
"ఆ పని మానుకోరాదా తాతా, దేవుని బిడ్డవి" అన్నాను.
ఆయన గుడి పైకప్పు కేసి చూశాడు.
ఆ రేకులు టంగుటూరు వేలం డబ్బుల దశమభాగమని
నాకూ తెలుసు.
"రాత్రికి బ్యారన్ కాడికి రా,
ఒక్కడికీ నిద్ర ఆగడం లేదు" అన్నాడు.

పొయ్యి నోట్లో తుమ్మ మొద్దు.
గోడకున్న చిన్న అద్దం అవతల థర్మామీటరు.
రెండో రాత్రికే ఆకు నిమ్మపండు రంగు తిరిగింది.
"పండింది గదా తాతా, ఆర్పేసి పడుకుందాం."
ఆయన తలుపు సందులోంచి ఒక ఆకు లాగి
నా చేతిలో పెట్టి "ఈనె విరువు" అన్నాడు.
విరగలేదు. వంగింది.
గోటితో నొక్కితే నీళ్లు.

"రంగు రెండు రాత్రుల్లో వస్తది నాయనా.
రెక్క ఎండడానికి ఇంకో రోజు.
మిగతా మంటంతా ఈనెకే.
తొందరపడి ఎగదోస్తే పచ్చగానే కమిలిపోద్ది.
చాల్లెమ్మని ఆపితే
బేలు కట్టినాక లోపల్నించి బూజు.
పైన చూసేవాడికి బంగారమే."
నా గురించి ఒక్క మాట అనలేదు.
మొద్దు లోపలికి తోశాడు.

చాలా ఏళ్లు
అది పొగాకు సంగతే అనుకున్నాను.

సంఘ పెద్దల ఎన్నికలో తమ్ముడు ఏలీయా
నా మీద నిలబడి గెలిచాడు.
లెక్కల పుస్తకంలో పదకొండు వేల తేడా చూపించి
వాణ్ణి ప్రభువు బల్లకి రాకుండా ఆపించాను.
అందులో ఏడు వేలు నేను కూడడంలో తప్పానని
మరుసటి నెలలోనే తెలిసింది.
చెప్పలేదు.
ప్రార్థనకి మాత్రం నాలుగింటికే లేచేవాణ్ణి.

ఒంగోలు పెద్దాసుపత్రిలో సలోమికి నెత్తురు కావలసిన రాత్రి
ఫోన్ చేసినవాళ్లంతా ప్రార్థిస్తామన్నారు.
పిలవకుండా వచ్చినవాడు ఏలీయా కొడుకు,
చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.
"పెదనాన్నా, టీ తాగావా" అన్నాడు.
అంతే అన్నాడు.
వరండా బల్ల మీద కూర్చుని
నాకొచ్చిన వాక్యాలన్నీ తడుముకున్నాను.
ఒక్కటీ నోటికి అందలేదు.

తీతు తాత లేడు. ఆ బ్యారన్ గోడల్లో జిల్లేళ్లు.
నాకు యాభై ఎనిమిది.
మొన్న ఆదివారం గిన్నె వరసలో నా దాకా వస్తుంటే
లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాను.
మైకులో ఎవరో కుర్రాడు, గొంతు చించుకుంటున్నాడు.
వాడి మీద కోపం రాలేదు.
రెండో రాత్రి, అనుకున్నాను.

ఏలీయా ఇంట్లో లేడు.
గేదె మందుకని కొండపి వెళ్లాడట.
మరదలు ఎందుకొచ్చావని అడగలేదు,
మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది.
చంకలో పాత లెక్కల పుస్తకం,
ఏడు వేల దగ్గర వేలు పెట్టి ఉంచాను.
పొద్దు వాలేకొద్దీ
'రేపొస్తాలే' అనే మాట రెండుసార్లు నాలుక మీదికొచ్చింది.
రెండుసార్లూ మింగాను.

ఎండిన ఈనె టప్పుమంటది.
ఆ చప్పుడు నాకు తెలుసు,
ఆరో రోజు తెల్లారుజామున తాత వినిపించాడు.
ఇది ఇంకా వంగుతోంది.

వీధి మలుపులో బండి చప్పుడు.
లేచి నిలబడ్డాను.