గుండె గోలి

దేవరకొండ డిపో, ఫస్ట్ ట్రిప్పు, చలి.
చిల్లర పట్టుకున్న పిడికిలి విచ్చుకోదు.
"రెండు రూపాయలకు ఇంత పీకులాటనా కండక్టరమ్మా?"
పదిసార్లు మూసి, తెరిచి
కొండమల్లేపల్లి దాటినంక వేళ్లు దారికొస్తయి.

మా నాయిన బుచ్చిరాములుకూ ఇంతే.
పెండ్లిల చదివిస్తుంటే పదినోటు
ఆయన వేళ్లల్లనే ఇరుక్కున్నది.
పందిరంత నవ్వింది.
ఆనాటి సంది ఊరికి పిసినారి.
మునుగోడు దిక్కు చుట్టాలు మాత్రం
ఫ్లోరైడ్ నీళ్లన్నరు.

హైదరాబాద్ దవాఖానల డాక్టరమ్మ
నా చెయ్యి పట్టుకొని ఇడువుమన్నది.
ఇడువలేకపోయిన.
అట్లనే పట్టుకొని అడిగింది:
"ఇంట్ల ఇంకెవరికి?"

రాసిచ్చింది గుండె దడకు వాడే పాత గోలి.
నల్లగొండల మూడు మెడికల్ షాపులు లేదన్నయి.
నాలుగో దాంట్ల పిలగాడు చీటి చూసి
"గుండె ఎవరిదక్కా?"
నా చేతిది, అన్న.

కడుపుల మండుతది. ఈసీజీ తీస్తుంటరు,
చెయ్యి కోసం గుండెను కావలి కాస్తరు.
వారం తిరగకముందే చన్నీళ్ల చెంబు
చేతిలకెళ్లి దానంతట అదే దిగింది.

మొన్న మేనకోడలి పెండ్లిల
నాయిన పేరు మీద నూటపదార్లు చదివిచ్చిన.
నోటు గబుక్కున జారింది.
ఎవ్వరూ చూడలే.