ఇస్త్రీ బల్ల మీద బొంత

అరండల్‌పేట, ఏడో లైను మలుపులో
నా ఇస్త్రీ బల్ల.
దాని మీద నాలుగు మడతలేసిన బొంత
మా అమ్మా పెద్దమ్మా కలిసి కుట్టింది.
కలిసి అనకూడదేమో,
ఆ ఏడు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

చౌడు బుట్ట వానకి ఎవరు వదిలేశారన్న దగ్గర
మొదలైంది.
నారాకోడూరు రేవు మునిగి పనిలేని రోజులు.
సావిట్లో గోతాం పట్టా పరిచి
ఈ కొసన అమ్మ, ఆ కొసన పెద్దమ్మ,
మధ్యలో ఊరంతా ఇచ్చిన పాతబట్టల మూట.

"అడగరా, ఆ ఎర్రముక్క ఇస్తుందేమో."
"చెప్పరా, దబ్బనం విరిగిందని."
బారెడు దూరంలో కూర్చుని
ఒకరి గొంతు ఒకరికి వినపడనట్టే.
ఆరేళ్లవాణ్ణి, బొంత మీద పాక్కుంటూ
మాటలూ ముక్కలూ మోసేవాణ్ణి.

జీడి గుర్తులు ఇంకా చెరగలేదు.
మూడు చుక్కలు కరణంగారివి.
చుక్కా గీతా కాంపౌండరుగారిది.
కొక్కెంలాంటిది పొగాకు బేరన్ అంకినీడు గారిది.
గుర్తు లేనివి మావి.
మా బట్టలు ఎవరింటికి పోతాయని గుర్తు?

పెద్దమ్మ కుట్టు చీమల బారు.
అమ్మది అంగలేసే కుట్టు,
దీపం పెట్టేలోగా అయిపోవాలి ఆమెకి.
నడిమధ్యన కలిసేచోట
బెత్తెడు తేడా వచ్చింది.
విప్పమంది పెద్దమ్మ, నాతో.
విప్పనంది అమ్మ, నాతోనే.
ఆ సందుకి ఏ ముక్కా కుదరక
ఆఖరికి నా లాగు కాలు కోశారు.
కత్తెర ఒకరిది, గుంజి పట్టిన చెయ్యి ఒకరిది.
నేను లబోదిబోమంటే
ఇద్దరూ ఒక్కసారే నవ్వారు,
వెంటనే తలలు తిప్పుకున్నారు.
మాటలు కలిసింది ఉగాది తర్వాతే.

బొగ్గుల పెట్టె పోయి గ్యాసు పెట్టె వచ్చింది.
వేడి తగిలితే ఇప్పటికీ
లోపలి పొరలోంచి మిరప ఘాటు లేస్తుంది.
కోతకెళ్లిన ఏ రవికో, ఎవరిదో.
ఎల్‌ఐసీ హైమవతి గారు చీర కోసమొచ్చి తుమ్ముతారు.
"పక్కన పోపు పెడుతున్నారా?"
"అవునండీ" అంటాను.

"కొత్త దుప్పటి వేసుకోరాదూ, అన్నా"
పంక్చర్ల జిలానీ రోజూ అంటాడు.
వేసుకోవచ్చు.
చొక్కా వీపు పరిచి పెట్టె తోస్తుంటే
నడుమ ఆ గతుకు దగ్గర
చెయ్యి దానంతటదే
నెమ్మదిస్తుంది.