పెన్సిల్ టిక్కులు

నూటిరవై అన్నడు, అరవైకిచ్చిండు
కోఠి ఫుట్‌పాత్ మీద, అట్టలూడిన డిక్షనరీ.
లోపల పేరు: టి. అనసూయ, రూమ్ నంబర్ 9.
నేర్చిన మాట మాటకూ
పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నది.

చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద
ఆమె టిక్కుల వెంట నడుస్తున్న.
'యాంబిగ్యువస్' పక్కన సన్నగా రాసింది:
మా వార్డెన్ నవ్వు.
'లాకోనిక్' కింద నేను రాసుకున్న:
నాయిన ఫోను.
తిన్నవా. పైసలున్నయా. పెట్టేస్తున్న.

ప్యాసేజీల నాలుగు వాక్యాలు దాటుత,
ఐదోది కాళ్లకు అడ్డం పడుతది.
మళ్ల మొదటికి.
స్టడీ హాల్ల పక్క కుర్చీ అఫ్రోజ్
కునుకులో గూడ స్పెల్లింగ్ గొణుగుతది.

నిన్న సాయంత్రం, 'పి' నడుమ,
టిక్కులు ఆగిపోయినయి.
నౌకరొచ్చిందో, ఇంటికి పిలిచిండ్రో,
ఉట్టిగ పెన్సిలే అరిగిందో!
ఆ తర్వాత పేజీలన్నీ
ఎవ్వరూ తొక్కని ఇసుక లెక్క.

'ప్రికేరియస్.'
మూడుసార్లు పలికిన.
అర్థం చూడకముందే
ఎక్కడ్నో ఎరికైన మాట అనిపించింది.
మెట్టు అంచు మీద కూసున్నదాన్ని
కొంచెం లోపలికి జరిగి
పెన్సిల్ చెక్కుకున్న.