మాయ బరువు

నా పని బరువులు తూయడం.
ఫర్వానియా ఆసుపత్రిలో ఆరో అంతస్తు, కిటికీ లేని గది.
కాన్పు గది నుంచి స్టీలు గిన్నెలో
ఇంకా వెచ్చగా వచ్చిన మాయను
నెత్తురు ఓడ్చి, పొరలు కత్తిరించి,
బొడ్డుతాడు మొదలంటా కోసి
తూకం మీద పెడతాను.
నాలుగు చోట్ల నాలుగు ముక్కలు, శనగగింజంతవి,
గొట్టాల్లో వేసి మైనస్ ఎనభైలో దాస్తాను.
బయట యాభై.
ఆ రెండు అంకెల మధ్య ఎక్కడో నా జీతం.

డాక్టర్ హనూఫ్‌ది ఒక్కటే ప్రశ్న:
బాగున్న మనిషికి ఏడో నెలలో
రక్తపోటు ఎందుకు పొంగుతుంది?
జవాబు తల్లిలో లేదు, బిడ్డలో లేదు,
ఇద్దరినీ కలిపే ఈ ముద్దలో ఉందంటుంది.
మా అవ్వ దాన్ని గుర్రపువాతం అనేది.
తన చెల్లెలు పళ్ళ మధ్య గరిటె కాడతో
మంచం పట్టెలు అదిరేలా కొట్టుకుని పోయిందని
చెప్పేటప్పుడల్లా గొంతు తగ్గించేది,
అది ఇంకా ఇంట్లోనే ఎక్కడో ఉన్నట్టు.

ఆరువందల పన్నెండు మంది తల్లులు మా లెక్కలో.
పత్రం మూడో పేజీలో ఒక వరుస:
ఖాదిం వీసా మీద ఉన్నవారిని చేర్చుకోరాదు,
తర్వాత కలుసుకోవడం కష్టం.
కారణం నిజమే.
నేనే టైపు చేశాను, అక్షరం తప్పు లేకుండా.

నాలుగువందల ఏడో నంబరు తల్లికి
సంచి మోస్తూ వచ్చింది పెంచలమ్మ.
ఆమె లోపల స్కానింగులో ఉంటే
ఈమె గోడకు ఆనుకుని చెప్పులు విడిచింది.
పాదం మీద చెప్పు వారు దిగిన గాడి.
మెట్టె కనబడలేదు, వేలు మింగేసింది.
"ఏ ఊరమ్మా?"
"కోడూరు కాడ, సెట్టిగుంట."
"ఎన్నో నెల?"
తలుపు వైపు చూసింది.
"ఎనిమిది. ఆయప్ప జహ్రాలో నీళ్ళ ట్యాంకరు తోల్తాడు.
మామాకు చెప్పొద్దు క్కా.
పొద్దన్నుంచి తలకాయ పగిలిపోతాండాది,
కండ్ల ముందర మిణుగురుపురుగులు."

ఈ ఎడారిలో మిణుగురులు లేవు.
పట్టీ చుట్టాను. నూట డెబ్బై, నూట పద్నాలుగు.
మిషను తప్పేమోనని రెండో చేతికి చుట్టాను.
అదే తప్పు.
నేనే బండి తోసుకుంటూ పరుగెత్తాను.
మామాకు నేనే చెప్పాను.

తెల్లవారుజామున వచ్చింది ఆమె మాయ,
లేబులు లేకుండా.
మూడువందల పది గ్రాములు.
ఒక పక్కంతా తెల్లబడి, బిగుసుకుపోయి,
నీరందని మడిలా.
రూలు ప్రకారం పసుపు బకెట్లో వేయాలి.
గిన్నె మీద మూత పెట్టి కిందికి వెళ్ళాను.

బిడ్డను తూయడం నా పని కాదు.
అయినా చూశాను: అద్దాల పెట్టెలో ఆడపిల్ల,
పద్నాలుగువందల నలభై.
పెంచలమ్మ చేతికి సెలైన్, పెదవులు అట్టకట్టి.
"ఒళ్ళంతా నిప్పులు పోసినట్టుండాది క్కా."
నాలుగు ముక్కలు దాచుకోనా అని అడిగాను.
"దేనికి?"
ఇంకొకరికి ముందే తెలియడానికి.
చాలాసేపు కళ్ళు మూసుకుంది.
"మిగిలింది ఏం చేస్తారు?
మా కాడ ఇంటెనక గుంత తీసి,
కుక్కలు తవ్వకుండా పైన రాయి పెడ్తారు."
ఇక్కడి పద్ధతి చెప్పలేదు.
వేలిముద్ర వేసింది. సిరా ఉబ్బిన వేలికి సరిగా అంటలేదు,
రెండుసార్లు వేయించాను.

డాక్టర్ హనూఫ్ ఆ వేలిముద్రను చూస్తూ కూర్చుంది.
"ఈమెను మళ్ళీ ఎక్కడ కలుస్తావు?"
శుక్రవారాలు, జ్లీబ్‌లో, కూరగాయల అంగడి వెనక,
మామా పంపిస్తే.
మూడో పేజీ తీసింది. పెన్ను కాదు, పెన్సిల్.
ఆ వరుస పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.
కమిటీ కూర్చునేది రెండు నెలల తర్వాత.

అంతదాకా ఆ గొట్టాలకు నంబరు లేదు.
కింది అరలో, ఎడమ మూల.
డ్యూటీ దిగేముందు రోజూ తలుపు తీసి
గోటితో మంచు గీకి చూస్తాను.
నాలుగూ ఉన్నాయి.