వాన పడని రాయి

మా డిపార్టుమెంటులో మూడో బీరువా, రెండో అర.
సిలికా గింజల డబ్బాలో చిటికెన వేలంత గాజు సీసా.
లోపలున్నదాన్ని రాయి అనడానికి నోరు రాదు.
నల్లటి రవ్వ, ఆవగింజలో పావు వంతు.
షహనాజ్ మేడం చెప్పింది:
"మద్దిలేటీ, జాగ్రత్త. దీనికి వాన పడదు."

నవ్వినా.
అనంతపురంలో దేనికి పడింది మేడం, వాన?

పడదంటే అది కాదంట. గిట్టదంట.

సముద్రాల అవతల ఏదో కొండ,
నిప్పు కక్కడం మానేసినా
పగుళ్లలోంచి ఊపిరి విడుస్తూనే ఉంటుందంట,
బూడిద కింద కుంపటి సెగ మాదిరి.
ఆ ఊపిరిలో రాగి, వెనేడియం కలిసొచ్చి
పగులు పెదవి మీద చల్లారి
నీళ్ల దశ చూడకుండానే
ఆవిరి నుంచి నేరుగా రాయైపోతాయి.
వానాకాలం వచ్చేదాకే ఆయుష్షు.
నాలుగు చినుకులు తగిలితే
రూపు చెడి ఇంకేదో అయిపోతుంది.

రాగి నాకు తెలుసు.
గుత్తి రోడ్డులో మా సుంకన్న మోటార్లకు వైండింగ్ చుడతాడు.
నీళ్లందక ఒట్టిగా తిరిగి కాలినవి
బండ మీద వరసగా, పొట్టలు తెరుచుకుని.
ఆ మాడిన తీగ వాసన
వాడు తినే సంగటి ముద్దలో కూడా ఉంటుంది.

వెనేడియమూ తెలుసు.
వాడి పద్నాలుగో నంబరు స్పానరు మీద
క్రోమ్ వెనేడియం అని పొడిచి ఉంటుంది.
కంపెనీ ఓనరు పేరనుకున్నా ఇన్నాళ్లూ.

మేడం మైక్రోస్కోపు కింద పెట్టి చూపించింది.
మూడు అంచులు, మూడు కొలతలు,
ఒక్క మూలా మట్టానికి రాదు.
మా నాయిన కట్టిన కొట్టం అంతే.
గీస్తే ఎర్రమట్టి రంగు పొడి రాలుతుందంట.
గీసి చూడ్డానికి ఇంకోటి లేదు గనక
మేడం మాటే నమ్మినా.

మా అత్తగారిది వజ్రకరూరు పక్కన.
తొలకరి పడితే ఊరంతా చేలల్లో వంగి ఉంటుంది,
సద్ది కట్టుకుని, కడిగిన నేలలో ఒక్క మెరుపు కోసం.
అదీ కొండ కడుపులోని నిప్పు ఎత్తి పోసిన రాయే.
దాన్ని వాన చూపిస్తుంది.
దీన్ని వాన తింటుంది.
మొబ్బు మాత్రం ఒకటే.
ఆరేండ్లు వెతికి మా అత్త తెచ్చుకున్నది
నడుం నొప్పి, ముంతెడు గాజుపెంకులు.

ఆ ఏడు పదును లేక
చెనక్కాయ విత్తనం మూటల్లోనే పురుగు పట్టింది.
ఆగస్టు సగమైనాక, ఆదివారం సాయంత్రం
చెప్పాపెట్టకుండా దిగింది.
టవర్ క్లాక్ కాడ జనం మొహాలు పైకెత్తి నిలబడిపోయినారు.
సుంకన్న స్పానరు చేతిలోనే పట్టుకుని
నడిరోడ్డులో తడుస్తున్నాడు.
నేనొక్కణ్ణే ఎదురువానలో సైకిలు తొక్కినా.
ల్యాబు కిటికీ గడియ ఊడి మూడు నెలలు.

బీరువా తాళం తీసే ముందు
చేతులు తుడుచుకోను ఒంటి మీద పొడి పోగు లేదు.
గోడ మీద భూగర్భ పటం ఉంది, దానికే తుడిచినా.
కడప రాతిపొరల మీద
నా పది వేళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

డబ్బాలో నీలం గింజలు
గులాబీ రంగుకు తిరిగినాయి.
రవ్వ నల్లగానే ఉంది.
ఉన్నట్టే ఉంది.

ఇనుప పెనంలో గింజలు పోసి
సన్న సెగన వేయించినా, చెనక్కాయలు వేయించినట్టు.
తేమా, పో, ఈడ నీకేం పని, పోయేయ్ అంటా.
మా నాయిన వినుంటే చెప్పు తీసేవాడు.
నీళ్ల కోసం నాలుగు బోర్లేసి
నాలుగింటికీ కొబ్బరికాయ కొట్టిన మనిషి.

బయట నేల తాగుతున్న చప్పుడు.
పెనంలో ఒక్కో గింజా నీలమవుతోంది.
కిటికీ మూయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మూద్దామని లేచినా.
మట్టివాసన లోపలికొస్తోంది.
రెక్క మీద చెయ్యి పెట్టి
కాసేపు అట్లే నిలబడినా.