సంతకం చేసిన ఓటు

విట్బీలో, సముద్రం వైపు కిటికీలున్న హాలులో
మూడు రోజులు కోర్టు నడిచింది.
అంతకు ముందు వారం అక్కడ ముసలివాళ్ల డాన్సులు;
నేల మీద పాలిష్ ఇంకా జారుతూనే ఉంది.
జడ్జిగారి కుర్చీ కాలి కింద ఎవరో అట్టముక్క పెట్టారు.

మా క్లయింటు మారీన్ స్టోర్.
కౌన్సిలు ఎన్నికలో రెండంటే రెండు ఓట్లతో పోయింది.
మొదటిసారి ఆఫీసుకి వచ్చినప్పుడు
తడిసిన గొడుగు మూలన కూడా పెట్టకుండా అంది:
"దొంగతనం అని రాయండి."

మా సీనియర్ థ్రెల్కెల్డ్ పెన్ను మూత తియ్యలేదు.
"దొంగతనం అని రాస్తే దొంగని చూపించాలమ్మా.
నాకు కనబడుతున్నవి రెండు కాగితాలు.
లెక్కపెట్టినవాళ్లు చెల్లవని పక్కన పెట్టినవి.
వాటి సంగతి అడుగుదాం."

పబ్బులో అప్పటికే గోరంతది కొండంతయింది.
పెట్టెలు మార్చారట, వ్యానులో ఎత్తుకెళ్లారట,
ఎవరి మేనల్లుడో కళ్లారా చూశాడట.
ఆ "ట"లన్నీ ఏరి పిటిషన్ కట్టడానికి ఒక మధ్యాహ్నం చాలు.
నేనైతే కట్టేదాన్నేమో,
ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు,
గెలవడమంటే గొంతు పెంచడం అనుకునే రోజులు.

కోర్టుకి "ట" వినపడదు.

మొదటి కాగితం.
మారీన్ పేరు ఎదుటి గడిలో ఇంటూ గుర్తు లేదు.
నవ్వుతున్న ముఖం ఉంది,
రెండు చుక్కలు, ఒక వంపు.
జడ్జిగారు కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని,
కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టారు.
ఏ చెయ్యో తెలియకూడదు, ఏమనుకుందో తెలియాలి.
అంతే ఆ కుర్చీ పని.
ఎవరు గెలిస్తే ఊరికి మంచిదన్నది కాదు,
ఆ పెన్సిలు ఏం చెప్పబోయిందన్నది.
"ఈవిడని చూసే నవ్వింది" అన్నారు. చెల్లింది.
అవతలి లాయరు లేచాడు, ఒక్క క్షణం నిలబడి,
ఏమీ అనకుండా కూర్చున్నాడు.
నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి వాదన
ఆ కూర్చోవడం.

రెండోది.
మారీన్‌కే ఇంటూ, కాగితం చిరిగేంత గట్టిగా.
పక్కనే నిండు పేరు, కింద సంతకం,
పింఛను కాగితం మీద పెట్టినట్టు;
మాటిచ్చాక వెనక్కి తగ్గని మనిషి రాత.

ఓటరెవరో తెలిస్తే ఓటు చెల్లదు.
నా ఫైల్లో పాత తీర్పొకటి ఉంది, లాగితే సాగేది.
థ్రెల్కెల్డ్ దాన్ని తిరగేసి, మూసి, లేచాడు:
"ఇది మాకు రాదు."
మారీన్ గోళ్లు నా మోచేతిలో దిగాయి.

సాయంత్రం బస్సులో గానీ నాకు తట్టలేదు.
ఈ ఒక్క సంతకాన్ని ముద్దుచేస్తే
రేపు ప్రతి ఇంటి ఓనరూ, ప్రతి ఫోర్‌మనూ
"ఏదీ, సంతకం పెట్టి చూపించు" అంటాడు.
ఆమె ఓటుని కొట్టేసిన చట్టమే
మిగతా పెన్సిళ్లకి తలుపు దగ్గరగా వేసి కాపలా కాస్తోంది.

రెండు ఒకటయింది.
ఓడడానికి ఒకటి చాలు.

మెట్ల మీద గాలి, కెమెరా ఒక్కటే, సముద్రపు పక్షులు బోలెడు.
"లెక్క సరిపోయింది" అంది మారీన్,
ఒక్కొక్క మాటా రాయిలా ఎత్తి పెడుతూ.

కాగితాలకి మళ్లీ సీలు వేసి అప్పజెప్పాం.
ఆ పేరు నేను చదివాను. చెప్పను.

శనివారం బేకరీ క్యూలో
ఒకావిడ మారీన్ చెయ్యి పట్టుకుంది:
"నీకే వేశాను తల్లీ. సంతకం కూడా పెట్టాను."
మారీన్ ఆవిడ చెయ్యి వదల్లేదు.
"థాంక్యూ" అంది.
నేను వాళ్ల వెనక నిలబడి
చేతిలో చిల్లర లెక్కపెట్టుకున్నాను,
ఒకసారి, మళ్లీ ఇంకోసారి.