పాటు వేళ కొలత

కోయంబత్తూరు నుంచి రెండు అట్టపెట్టెలొచ్చాయి.
ఒకదాన్లో కారుని అరవై మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు,
ఎర్రగా, పొట్టిగా, పొగరుగా.
ఇంకోదాన్లో ముప్ఫై దించేవి. నల్లరంగు. చూస్తే ఏమీ అనిపించదు.
పది రోజుల్లో ఏదో ఒక జత తిప్పి పంపెయ్యాలి.

నాది పాత హోండా సిటీ, వీటెక్.
వారమంతా వెనక సీట్లో నీళ్ల సీసాలు.
ఏ చెరువులో ఉప్పెంత, అమ్మోనియా ఎంత,
ఈ రాత్రి రొయ్యకి ఊపిరందుతుందా లేదా
తేల్చి చెప్పే ల్యాబు నాది.
ఏడాదికి రెండు ఆదివారాలు మాత్రం
అదే కారు మద్రాసు ట్రాకు మీద
నాలుగొందల రెండు మీటర్లు పరిగెడుతుంది.
పదిహేను సెకన్ల ముచ్చట.

కిందటిసారి పచ్చలైటు పడగానే
కాడి విదిల్చుకున్న ఎద్దులా ముక్కెత్తింది.
బరువంతా వెనక్కి జారింది.
లాగాల్సిన ముందు చక్రాలు
ఉత్తినే గిర్రున తిరిగాయి. పొగ, కీచుమని కేక.
పక్క లైన్లో కుర్రాడు అప్పటికే మూడు కార్ల దూరంలో.

"రెండు చుట్లు కోసేద్దామా?" అన్నాను మోషే గారితో.
పాలకొల్లు లాకుల దగ్గర ఆయన షెడ్డు.
నలభై ఏళ్లు లారీ కమానుకట్టలు కొట్టిన చేతులు
గ్యాస్ కట్టరు వైపు కదల్లేదు.
"కోస్తే పొట్టిదవుద్దండి, అంతే. బుద్ధి రాదు.
స్ప్రింగు దెబ్బని దాచుకుంటదండి.
దాచుకున్నది ఒక్కసారే విసిరి కొడతది.
నిదానంగా ఇయ్యవే తల్లీ అని పట్టుకునేది షాకు.
అప్పిచ్చినోడికీ వసూలు చేసేవోడికీ పడకపోతే
మజ్జిలో నలిగేది తమరి నడుమండి. ఆయ్."

అంటే షాకులూ మార్చాలి.
ముందువి మెల్లగా లేచేవి,
వెనకవి కూలబడనివ్వనివి,
మర తిప్పితే టిక్కు టిక్కుమని బిగుసుకునేవి.
ఖర్చు ఇక్కడ రాయను.

ఇక ఎంత దించాలి?
ట్రాకునడిగితే అరవై అంటుంది.
నల్లమట్టి మీద పోసిన మా తారురోడ్డు,
ఎండకి కుంగి, వానకి ఉబ్బి,
తనకే షాకులు పోయినట్టుండేది, అసలొద్దంటుంది.
ఆఖరి మాట మాత్రం నరసాపురం రేవుది.
వారానికి మూడుసార్లు పంటెక్కి
సఖినేటిపల్లి వైపు చెరువులకి పోవాలి నేను.
పోటు మీద గోదారి పంటుని గట్టుకి సమంగా పట్టుకుంటుంది.
పాటు తీసిందా, పంటు కిందికి దిగుతుంది,
ఇనప పలక వాలిపోతుంది,
గట్టుకీ పలకకీ మధ్య మోకాలు మడత.

అమావాస్య పాటుకి వెళ్లాం.
మోషే గారు బట్టల సబ్బు కొని
ముప్ఫై మందం ముక్కొకటి, అరవై మందం ముక్కొకటి కోసి
ఇంజన్ పళ్లెం కింద టేపుతో అంటించారు.
"కారుకి తలంటా మేడమ్?" అన్నాడు తాడు పట్టుకున్న కుర్రాడు.
మొదటి గేర్లో, ఊపిరి బిగబట్టి, ఎక్కించాను.

వంగి చూస్తే
అరవై ముక్క లేదు.
పలక అంచున నీలంగా పులుముకుని ఉంది.
ముప్ఫై ముక్క మీద
గోటితో గీరినంత గీత.

ఎర్రవి వెనక్కి పంపేశాను.
పంపే ముందు ఒక రాత్రి
ల్యాబు బల్ల మీద సీసాల పక్కన నిలబెట్టుకుని
చాలాసేపు చూశాను. అబద్ధమెందుకు.

నల్లవి బిగించాక మోషే గారు
బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి
ఒక్క నొక్కు నొక్కి వదిలారు.
దిగింది. లేచింది. ఆగింది.
వెనక సీట్లో మొగల్తూరు చెరువు నీళ్లు
సీసా మెడ దాకా ఒకసారి వచ్చి
మళ్లీ వెనక్కి వెళ్లాయి.